ఒంటిగంట సమస్య

మార్చి 6, శుక్రవారం

ఈ రోజు నా సంతోషానికి ఈ పేజీ చాలదు. సుమన వచ్చింది! ఊరికే రాలేదు, కంపెనీ జీపులో వచ్చింది. డ్రైవరు కరుణాకర్ తలుపు తీశాడు, నా బిడ్డ దిగింది. తండా మొత్తం చూసింది. చూడని వాళ్ల ఇళ్లకు నేనే పోయి చెప్పి వచ్చాను.

సంచిలోంచి ఒక పలక తీసింది. తెల్లగా, సాపుగా, పీటంత ఉంది. వెనక ఒక కాలు, ఒక వైరు, అంతే. టవరు అక్కర్లేదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో అదే మాట్లాడుకొని ఇంటర్నెట్టు దించుతుందట. వీపున వేసుకొని ఏ అడవికైనా మోసుకుపోవచ్చట. దాన్ని ముట్టుకోబోతే సుమన నా చెయ్యి పట్టుకుంది. ఎంత ప్రేమ!

సిగ్నల్ సరిగ్గా రాని ఊళ్లలో చిన్న దవాఖానల కప్పు మీద దీన్ని పెట్టాలి. అక్కడి నర్సు దీంతో పెద్ద డాక్టరుకు ఫోనులో రోగిని చూపించాలి. మొదట జనగామ జిల్లాలో కొడకండ్ల దగ్గర, తర్వాత మన జిల్లాలోనే దంతాలపల్లి దగ్గర, ఆఖరుకు భూపాలపల్లి అడవిలో. పద్దెనిమిదో తారీఖున అక్కడ పరీక్ష. అరగంట సేపు తెగకుండా నడవాలి. నడిస్తే సుమన నౌకరి పక్కా, పైగా మూడు జిల్లాలకు ఇన్‌చార్జి. నడవకుంటే... నడవకపోవడం ఏమిటి, నడుస్తుంది.

సామాను చూసుకునే మనిషి ఏదో పెళ్లికి పోయాడట. నేను వస్తానన్నాను.

"బాపూ, నీకు అరవై ఆరేండ్లు."

"ముప్పై నాలుగేండ్లు రైలు పట్టాలెంబడి నడిచిన కీమాన్ను. నీ పలక ఎంత బరువుంటది?"

"కిలో."

"మరింకేంది?"

నా భార్య తారి వంటింట్లోంచే అరిచింది. "తీస్కపో బిడ్డా, పుణ్యముంటది. ఇంట్ల ఉంటే నీ గొప్పలు చెప్పి చెప్పి తండల ఎవ్వల పని ఎవ్వల్ని చేస్కోనిస్తలేడు."

సుమన ఒప్పుకుంది. ఒక్కటే షరతు. నేను పలకను ముట్టవద్దు. కాపలా కూర్చోవడమే నా పని. కాపలా కంటే పెద్ద పని ఏముంది?

మార్చి 7, శనివారం

డోర్నకల్ పోయి స్టేషనులో పాతవాళ్లందరికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు.

మార్చి 9, సోమవారం

కొడకండ్ల దగ్గర ఒక ఊరు. నా బిడ్డ నిచ్చెన ఎక్కుతుంటే చూడాలి! చకచకా కప్పు మీదికి పోయి పలకను ఆకాశానికి ముఖం చేసి పడుకోబెట్టింది.

కింది నుంచి నేను అరిచాను. "ఏ దిక్కుకు తిప్పాలె బిడ్డా? టీవీ చెత్రి పెట్టినప్పుడు జర ఇటు, జర అటు అనుకుంట కప్పు మీద ఒగడు, టీవీ ముందట ఒగడు గంటసేపు మొత్తుకునేటోళ్లం."

"దానికి ఒక్కటే ఉపగ్రహం బాపూ. అది ఎప్పుడు చూసినా ఒక్క తావునే ఉన్నట్టుంటది, అటు ముఖం పెడితే అయిపాయె. గివి వేలకు వేలు. ఐదువందల కిలోమీటర్ల మీద ఉరుకుతుంటయి. నెత్తి మీదికొచ్చినది నాలుగైదు నిమిషాలల్ల దాటిపోతది."

"మరి గీ పలక తిరుగది, ఊగది. ఉరికేదాన్ని ఎట్ల పట్టుకుంటది?"

సుమన కప్పు అంచుకు వచ్చి కూర్చుంది. "నువ్వు గ్యాంగుల ఉన్నప్పుడు లైను ఎట్ల జరిపేటోళ్లు?"

అడగక అడగక ఎవరైనా నా పని గురించి అడిగితే నేను ఆగుతానా? చెప్పాను. ఇరవై మంది వరుసగా గడ్డపారలు వేసి నిలబడతాం. గ్యాంగు పెద్ద, అదే మేటు, పాట అందుకుంటాడు. అందరం ఒక్కసారే నెడితే పట్టా సాపుగా పక్కకు జరుగుతుంది. అదే ఈ చివరి నుంచి ఒకడి తర్వాత ఒకడు రెప్పపాటు ఆలస్యంగా నెడితే పట్టాలో వంపు వస్తుంది.

"గంతే బాపూ. గీ పలకల వందలకొద్ది బుడ్డ బుడ్డ యాంటెనాలున్నయి. అన్నీ ఒక్కపాలే కొడితే దాని చూపు నిట్టనిలువుగ పోతది. ఒగదాని తర్వాత ఒగటి ఇసుమంత ఆలస్యంగ కొడితే చూపు పక్కకు వంగుతది. ఎంత ఆలస్యమో మార్చుకుంట పోతే ఉపగ్రహమెంబడి చూపు తిరుగుతనే ఉంటది. పలక మాత్రం కదలది."

వందలమంది గ్యాంగు! ఒక్క పీటలో! "మేటు ఎవరు?" అని అడిగాను. లోపల చిప్పు ఉందట, అదే మేటు. జీపులో కరుణాకర్‌కు ఇదంతా మూడుసార్లు చెప్పాను. మూడోసారి అతను పాటలు పెట్టుకున్నాడు.

మార్చి 10, మంగళవారం

ఒక ఉపగ్రహం పడమటికి దిగిపోతుండగానే పలక ఇంకోదాన్ని అందుకుంటుందట. ఫోనులో మాట మధ్యలో తెగదట. "పాతకాలంల బండి ఆగకుండనే డ్రైవరు స్టేషను కాడ ముందటి లైనుకు టోకెను అందుకున్నట్టా?" అన్నాను. "అచ్చం గట్లనే బాపూ" అంది. ఇప్పుడు ఈ యంత్రం నాకు పూర్తిగా తెలిసిపోయింది. దవాఖాన ముందు వరుసలో కూర్చున్న వాళ్లందరికీ చెప్పాను. జ్వరంతో వచ్చిన ఒకాయన లేచి వెళ్లిపోయాడు గానీ మిగిలిన వాళ్లు బాగా విన్నారు.

అయితే ఒక్క సంగతి నచ్చలేదు. ఒకావిడ కప్పు మీదికి చూసి, సుమన వైపు చూసి, "అబ్బ! గింత పిల్ల గంత పెద్ద పని చేస్తాంది? ఏం అదృష్టమయ్యా నీది!" అంది. అని, ఒక నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు నాకు నచ్చలేదు.

ఇందుకే కదా నేను మా యాడి కుట్టిన అద్దాల గుడ్డను సంచిలో తెచ్చుకున్నది. మా అమ్మ చేతిపని! గుడ్డ నిండా అద్దాలు, అద్దాల మధ్య పాత బిళ్లలు. మొన్న హోలీకి తీశారు కాబట్టి పెట్టెలో పైనే ఉంది. తారికి చెప్పలేదు. ఎందుకు చెప్పడం? పిల్ల పుట్టినా, కొత్త బండి వచ్చినా మా ఇంట్లో ఆ గుడ్డ ఒకసారి కప్పకుండా ఉండరు. దిష్టి పెట్టేవాడి చూపు అద్దాల్లో పడి వాడి దగ్గరికే వాపసు పోతుంది.

సుమన, కరుణాకర్ అన్నానికి పోయారు. "నేను కాపలా ఉంట, మీరు పోండ్రి" అన్నాను. వాళ్లు పోగానే పైకెక్కి గుడ్డ కప్పాను. వాళ్లు వచ్చేలోపు తీసేశాను. పలకను ముట్టలేదు. గుడ్డ మాత్రమే ముట్టింది.

మార్చి 11, బుధవారం

మధ్యాహ్నం ఏదో అంతరాయం వచ్చిందట. నిన్న కూడా వచ్చిందట. ఆ నిట్టూర్పు ఊరికే పోతుందా! ఈ రోజు కూడా గుడ్డ కప్పాను కాబట్టి సరిపోయింది, లేకుంటే ఇంకెంత అయ్యేదో.

మార్చి 12, గురువారం

దంతాలపల్లి వైపు వచ్చాం. ఇక్కడా అదే తీరు. పన్నెండు యాభైకి తెగింది, ఒంటిగంటన్నరకు వచ్చింది. హైదరాబాదు నుంచి సుమన పై అధికారి గోవర్ధన్ సారు ఫోను చేశాడు. మూడు రోజులు, రెండు ఊళ్లు, ఒకటే సమయం. దీనికి ఆఫీసులో 'ఒంటిగంట సమస్య' అని పేరు పెట్టారట. పేరు పెట్టేంత పెద్ద సమస్య!

సుమన మొహం చిన్నబోయింది. తండ్రిగా నేను చేతులు కట్టుకొని ఉంటానా? చుట్టూ చూశాను. పక్కింట్లో వేపచెట్టు. ఉపగ్రహాల చూపుకు చెట్లు అడ్డం రాకూడదని సుమనే చెప్పింది. ఇంటాయన పోశాలును పిలిచి ఆ కొమ్మ కొట్టేయాలన్నాను.

"కొమ్మ అంత దూరంల ఉన్నది. మీ పలకను ఏం జేసిందయ్యా?"

"పైకి చూసే చూపుకు అడ్డమొస్తాంది."

"పొద్దంత అడ్డమొస్తదా?"

"లేదు. ఒంటిగంటకు."

"గట్లనా! మిగిలినప్పుడు నా కొమ్మ ఇంట్లకు పోయి అన్నం తింటదా?"

మాటా మాటా పెరిగింది. కరుణాకర్ మధ్యలోకి వచ్చి ఆయనకు టీ తాగించాడు. కొమ్మ కొట్టించాం. పోశాలు నా వైపు చూసిన చూపు మాత్రం మంచిది కాదు. ఎందుకైనా మంచిదని రేపటి నుంచి గుడ్డను రెండు మడతలు వేసి కప్పాలనుకున్నాను.

మార్చి 13, శుక్రవారం

కొమ్మ పోయినా సమస్య పోలేదు. కానీ ఎంత గౌరవం! బెంగళూరు నుంచి ముగ్గురు ఇంజినీర్లు ఫోనులో మీటింగు పెట్టారు. రెండు గంటలు. ఒకాయన ఎండకు పలక వేడెక్కుతోందన్నాడు. ఒకాయన ఆ సమయానికి మన ఆకాశంలో ఉపగ్రహాలు పలచబడుతున్నాయేమో అన్నాడు. మూడో ఆయన ఏమీ అనలేదట, ఆయనే అందరికంటే పెద్ద ఇంజినీరట. వాళ్ల మధ్య నా బిడ్డ ఇంగ్లీషులో మాట్లాడింది! మా వంశంలో ఎవరికీ బెంగళూరు ఆలోచించాల్సినంత కష్టం రాలేదు.

మీటింగు అయ్యాక సుమన మెట్ల మీద కూర్చుంది. "పద్దెనిమిది లోపల గిది తేలకుంటే ట్రయలు బంద్ చేస్తరట బాపూ. నా నౌకరి కూడ గంతే."

"ఏం కాదు బిడ్డా, నేనున్న."

సమస్యను కళ్లారా చూస్తానని అన్నానికి పోకుండా కప్పు మీదే కూర్చుంది. పన్నెండు యాభై దాటింది. ఒంటిగంట దాటింది. ఒంటిగంట నలభై దాటింది. ఏమీ కాలేదు! అప్పుడు దిగి అన్నానికి పోయింది. నేను కాపలాకు ఎక్కాను.

ఒంటిగంట సమస్య రెండు గంటలకు జరిగింది. బెంగళూరులో పరేషాన్ అవుతున్నారట.

మార్చి 14, శనివారం

సుమన తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. గుండ్రని ఆకాశం. పలక చూపు తిరిగినంత మేర నీలం రంగు, ఏదైనా అడ్డం వచ్చిన చోట ఎరుపు. ఆ సమయంలో మొత్తం ఎరుపే.

"చూడు బాపూ. చెట్టయితే ఒక పక్కకు ఎర్రగుంటది. గోడయితే ఒక పక్కకు ఉంటది. గిది ఆకాశమంత కప్పింది. పలక మీదనే ఏదో కూసున్నట్టున్నది."

"కాకి" అన్నాను.

"పీటంత కాకి?"

"పెద్ద కాకి."

"నలభై నిమిషాలు కదలకుండ? నువ్వు కాపలా ఉండంగ?"

నేను అన్నంలో మజ్జిగ పోసుకున్నాను. అప్పుడే తారి ఫోను. పెట్టె సర్దుతోందట.

"అత్త గుడ్డ కనవడ్తలేదు. నువ్వేమన్న తీసినవా?"

"ఏ గుడ్డ?"

"ఏ గుడ్డ ఏంది? ఇంట్ల ఎన్ని ఉన్నయి? అద్దాల గుడ్డ. చూసినోని చూపు వాపసు పంపే గుడ్డ."

చూసినవాడి చూపు వాపసు.

పైనుంచి చూసేది ఎవరు? ఐదువందల కిలోమీటర్ల ఎత్తు నుంచి నా బిడ్డ పలకను చూడటానికి ఉరికి వచ్చేది ఎవరు?

మజ్జిగన్నం పక్కకు జరిపాను. ఆరోగ్యం బాగాలేదని చెప్పాను.

మార్చి 15, ఆదివారం

నేను పలకను ముట్టలేదు.

గుడ్డ మాత్రమే.

అదీ ఐదు నిమిషాలే.

నలభై నిమిషాలు.

మార్చి 16, సోమవారం

భూపాలపల్లి దాటి అడవిలోకి వచ్చాం. ఊటవాగు తండా. ఇప్పపువ్వు వాసన, టేకు ఆకులు రాలి ఆకాశం బాగా కనబడుతోంది. మన తండాల భాష వినబడగానే ప్రాణం లేచివచ్చింది. ఇక్కడి నర్సు కల్యాణి చాలా గట్టి పిల్ల.

గుడ్డ సంచి అడుగున ఉంది. తీయలేదు. పన్నెండు యాభై దాటింది, రెండు దాటింది, ఒక్కసారి కూడా తెగలేదు! నా గుండె మీదినుంచి రైలు దిగిపోయినట్టయింది. సమస్యే లేనప్పుడు దాని గురించి ఎవరికైనా ఏం చెప్పాలి? పోయినదాన్ని పిలిచి కూర్చోబెట్టడం దేనికి? ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. రోజంతా నచ్చింది.

సాయంత్రం గోవర్ధన్ సారు ఫోను. బెంగళూరు వాళ్లు నిన్న లోపలి ప్రోగ్రాములో ఏదో మార్చారట, అందుకే బాగైందట. వాళ్లకూ సంతోషం, నాకూ సంతోషం. సుమనకే లేదు.

"వాళ్లు మార్చింది వేరే సంగతి సార్. మొత్తం ఆకాశం ఎందుకు ఎర్రగైందో దానితోని తెలవది."

ఆయన ఇంకో మాట చెప్పాడు. మళ్లీ వస్తుందేమోనని పైవాళ్లకు భయమట. మూడు జిల్లాల్లో పెట్టబోయే పలకలన్నిటినీ రోజూ పన్నెండు నలభై ఐదు నుంచి రెండు నలభై ఐదు దాకా బంద్ పెట్టాలని రిపోర్టులో రాయమన్నాడు.

కల్యాణి పక్కనే ఉంది. ఊరుకోలేదు. "రెండు గంటలు బందా? పొలం కాడ పాము కరిస్తే రెండు నలభై ఐదు దాక ఆగుమని పాముకు చెప్పాల్నా, మనిషికి చెప్పాల్నా?"

నాకు ఆ ఆలోచన ఇప్పుడు అంత నచ్చడం లేదు.

మార్చి 17, మంగళవారం

రిపోర్టులో ఒక గడి ఉంది. 'సమస్యకు కారణం.' సుమన దాని ముందు పొద్దుటి నుంచి కూర్చుంది.

"వాళ్లు చెప్పిందే రాయరాదు బిడ్డా."

"కారణం తెల్వకుండ సంతకం పెడితే నేను ఇంజినీర్ని ఎందుకు బాపూ? నువ్వు పట్టా చూడకుండనే బాగున్నదని ఎన్నడన్న రాసినవా?"

రాయలేదు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా రాయలేదు. చలికాలం పొగమంచులో కూడా వంగి చూసే రాశాను.

"తెలవదని రాస్తే?"

"నౌకరి పోతది. అంతేగ."

ఆ 'అంతేగ' అన్నప్పుడు నా బిడ్డ నా వైపు చూడలేదు.

కరుణాకర్‌ను వాగు దగ్గరికి తీసుకుపోయి మొత్తం చెప్పాను. అతను ముందు నమ్మలేదు. తర్వాత ఇసుకలో కూర్చొని నవ్వాడు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు.

"కాకా! బెంగళూరోళ్లు ఉపగ్రహాలను అనుమానిస్తాండ్రు కాకా!"

"నవ్వుడు ఆపి ఏం జేయాల్నో చెప్పు."

"చెప్తే సుమనక్కను అంటరు. నౌకరికి అయ్యను తోల్కొచ్చి కాపలా పెట్టిందని. చెప్పకుంటే అక్క తనంతట తనే పోగొట్టుకుంటది. రెండు దిక్కులా దెబ్బనే."

"మరి?"

"నేనైతే చర్చిల చెప్పుకుంట. నువ్వెక్కడ చెప్పుకుంటవో నువ్వే చూస్కో."

సాయంత్రం మూడుసార్లు సుమన దగ్గరికి పోయాను. మొదటిసారి మంచినీళ్లు అడిగాను. రెండోసారి టైము అడిగాను. మూడోసారి, "బాపూ, నీకు పాణం బాగుందా?" అని ఆమే అడిగింది. బాగుందని వచ్చేశాను.

మార్చి 18, బుధవారం

మొత్తం రాస్తాను. చెయ్యి నొచ్చినా సరే.

పరీక్ష కావాలనే పన్నెండు నలభై ఐదుకు పెట్టారు. కప్పు మీద పలక, లోపల కల్యాణి బల్ల మీద ఫోను. ఫోనులో మూడు గడులు. ఒకదాంట్లో భూపాలపల్లి పెద్ద దవాఖాన నుంచి రాణి డాక్టరమ్మ, ఒకదాంట్లో గోవర్ధన్ సారు, ఒకదాంట్లో బెంగళూరు పెద్ద ఇంజినీరు, అదే ఏమీ మాట్లాడని ఆయన. అరగంట తెగకూడదు.

రోగి ద్వాలి అవ్వ. మోకాళ్ల నొప్పులు. ఆమెకు తెలుగు అంతగా రాదు, అందుకని మాట మార్చి చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టారు. డాక్టరమ్మ అడిగింది, అవ్వ చెప్పింది, నేను మార్చాను. డాక్టరమ్మ కాలు వంచమంది, వంచింది. మందులు చెప్పింది, కల్యాణి రాసుకుంది. అంతా అయిపోయింది. చూస్తే ఆరు నిమిషాలే.

ఇంకా ఇరవై నాలుగు నిమిషాలు. ఫోను పెట్టేయడానికి లేదు. అప్పుడు గోవర్ధన్ సారు గొంతు సవరించుకున్నాడు.

"సుమనా, కారణం గడి ఇంకా ఖాళీగానే ఉంది. బెంగళూరు వాళ్లు పంపిన వాక్యం పెట్టి సంతకం చేసేయండి. ఈ రోజే ముగిద్దాం."

"నాకు నమ్మకం లేదు సార్. తెలవదనే రాస్త."

"అట్లా రాస్తే నేనేమీ చేయలేనమ్మా. మీకు తెలుసు కదా."

"తెలుసు సార్."

నా బిడ్డ గొంతు కొంచెం కూడా వణకలేదు. నేను ఫోను ముందుకు జరిగాను.

"సార్. నేను బానోతు చందూలాల్‌ను. సుమన తండ్రిని. కారణం నేనే సార్."

సుమన నా వైపు తిరిగింది. ఆ ముఖం చూస్తే మాట ఆగిపోతుందని నేను ఫోను వైపే చూశాను. మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా యాడి సూదితో మొదలుపెట్టాను. ఆ గుడ్డ కుట్టడానికి ఆమెకు రెండు వానాకాలాలు పట్టిన సంగతి, సుమన పుట్టినప్పుడు దాన్నే ఊయల మీద కప్పిన సంగతి, కొడకండ్లలో ఆవిడ నిట్టూర్పు, నిచ్చెన ఎన్ని మెట్లు, పోశాలు కొమ్మ, అన్నీ చెప్పాను. పోశాలుకు నా క్షమాపణ కూడా రాసుకోమన్నాను. "నా బిడ్డకు ఏమీ తెలవదు సార్. పలకను ముట్టొద్దని మొదటి రోజే చెప్పింది. నేను ముట్టలేదని నాకు నేనే చెప్పుకున్న. అద్దాలు దిష్టిని వాపసు పంపుతయని కప్పిన సార్. అవి మీ ఉపగ్రహాల చూపును కూడ వాపసు పంపినయి. ఎవ్వలు మంచిగ చూస్తాండ్రో, ఎవ్వలు చెడ్డగ చూస్తాండ్రో అద్దానికేం తెలుస్తది?"

ద్వాలి అవ్వకు ఏమీ అర్థం కాలేదు గానీ నా కళ్లలో నీళ్లు చూసి మోచేత్తో పొడిచింది. నాకేమైందో చెప్పమంది. ఆమెకు మన భాషలో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అవ్వ నోరు నొక్కుకుంది. "నీ అంత పిచ్చోణ్ని నేను చూడలే" అంది. డాక్టరమ్మ, "ఆమె ఏమంటున్నది?" అని అడిగింది. అదీ తెలుగులో మార్చి చెప్పాను. నా పని అదే కదా.

అప్పుడు బెంగళూరు పెద్ద ఇంజినీరు మొదటిసారి నోరు తెరిచాడు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు. సుమన నేల చూస్తూ తెలుగులో చెప్పింది. "గుడ్డల ఎన్ని అద్దాలున్నయని అడుగుతాండ్రు."

"నూటపదహారు సార్. మూడు ఊడినయి. బిళ్లలు వేరే."

ఆయన ఒక కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత భుజాలు ఊగడం మొదలయ్యాయి. ముందు ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కల్యాణి బయటికి పోయింది. కరుణాకర్ ఎప్పుడో పోయాడు. నవ్వనిది ఇద్దరే, గోవర్ధన్ సారు, నా బిడ్డ.

నవ్వులు తగ్గాక సారు కలం తీశాడు. "సుమనా, సైటు మీదికి ఇంటి మనిషిని తేవడం తప్పు. అది మీ తప్పు. రాసుకుంటున్నాను."

"అవును సార్."

"ఈ కాల్ మొదలై ఎంతసేపైంది?"

సుమన ఫోను చూసింది. "నలభై ఒక్క నిమిషాలు సార్."

"మధ్యలో ఎక్కడైనా తెగిందా?"

"లేదు సార్."

"ఒక్క క్షణం కూడా?"

"లేదు సార్. మా బాపు గుక్క తిప్పుకోలేదు సార్."

అప్పుడు నవ్వాడు గోవర్ధన్ సారు. ఒంటిగంట దాటి ఇరవై ఆరు నిమిషాలు.

ఫోను పెట్టేశాక సుమన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టింది. నేను తిన్నాను. తిన్న గిన్నె నేనే కడిగాను.

మార్చి 19, గురువారం. ఉగాది

పొద్దున కల్యాణి పచ్చడి తెచ్చి ఇచ్చింది. సుమన తన గిన్నెలోని మామిడి ముక్కలు ఏరి నా గిన్నెలో వేసింది. చిన్నప్పటి నుంచి ఆమెకు మామిడి ముక్కలంటే ప్రాణం. నేను తలెత్తలేదు. ఎత్తితే మళ్లీ ఏదైనా మాట్లాడతానని.

ఆమే మాట్లాడింది. "మొన్న మూడుపాలు వచ్చినవు. మంచినీళ్లన్నవు, టైమన్నవు. గప్పుడే చెప్తే ఏమయితుండె బాపూ?"

"నువ్వు నన్ను ఇంటికి తోలిస్తుంటివి."

"తోలిస్తుంటి."

"గందుకే."

నవ్వింది! పూర్తిగా కాదు. ఒక పక్కకు.

తర్వాత రిపోర్టు ముందేసుకుంది. రెండు గంటల బంద్ అన్న వాక్యం మొత్తం కొట్టేసింది, సారు ఒప్పుకున్నాడట. పొద్దున ఆఫీసు నుంచి ఇంకో కాగితం కూడా వచ్చింది. దాని సంగతి తారికి నేనే ఫోను చేసి చెప్పాను. తండాలో మిగిలినవాళ్లకు తారి చెబుతుందట, నేను చెబితే పొద్దుపోతుందట.

కారణం గడిలో 'పలక మీద అద్దాలు, లోహపు బిళ్లలు కుట్టిన గుడ్డ కప్పడం వల్ల' అని రాసింది.

"ఎవ్వలు కప్పిండ్రో రాయవా?" అన్నాను.

"ఎందుకు బాపూ? పరువు పోతది."

"పట్టాల మీద నేను ఏది చూసినా కింద నా పేరు రాసిన బిడ్డా. గిది ఒక్కటి ఎందుకు ఇడిచిపెడ్తవ్? రాయి."

కలం మళ్లీ తీసింది. రాసింది. కింద సంతకం పెట్టింది. కంపెనీ కాగితం కాబట్టి నాకు నకలు ఇవ్వకూడదట. అందుకని చూసి ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, అక్షరం పొల్లుపోకుండా.

కప్పినవారు: బానోతు చందూలాల్, రిటైర్డ్ కీమాన్, మూడు జిల్లాల ఇన్‌చార్జి సుమన గారి తండ్రి.